మొక్కజొన్న నూనె: మందూ కాదు, విషమూ కాదు

ఈ నెల ఉత్తరాల్లో సగం మొక్కజొన్న నూనె మీదే వచ్చాయి. కొందరు దాన్ని గుండెకు మందులా చూస్తున్నారు, ఇంకొందరు పేరెత్తితేనే జడుసుకుంటున్నారు. ఆసుపత్రి వంటశాలలో డైటీషియన్‌గా చాలా ఏళ్లు పొయ్యిల పక్కనే గడిపినదాన్ని. నాకు ఏ నూనె మీదా భక్తి లేదు, భయమూ లేదు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ఎండు మొక్కజొన్న గింజను ఎంత నలిపినా చేతికి పిండి అంటుతుంది తప్ప జిడ్డు అంటదు. మరి ఇన్ని సీసాల నూనె ఎక్కణ్నుంచి వస్తోంది మేడమ్? కల్తీ ఏమైనా ఉందా? – ఒక రిటైర్డ్ టీచర్

కల్తీ కాదు మాస్టారూ. మీరు నలిపింది గింజలో పిండి ఉన్న భాగం. ఒక పని చేయండి. నాలుగు ఎండు గింజల్ని రాత్రి నీళ్లలో వేసి పొద్దున తీయండి. గింజకు ఒక వైపు, కింది మొన దగ్గర, చుట్టూ ఉన్న పసుపు కంటే పాలిపోయిన రంగులో కోలగా ఒక భాగం కనిపిస్తుంది. అక్కడ గోరు గుచ్చి పైకి లేపితే మెత్తగా ఊడి వస్తుంది. అదే మొలక. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి చెంచా వెనకవైపుతో గట్టిగా నొక్కి, తడి ఆరేదాకా ఆగండి. నీటి మరక పోతుంది, జిడ్డు మరక ఉండిపోతుంది.

గింజ మొత్తం బరువులో నూనె 3 నుంచి 5 శాతమే. అందులో చాలా భాగం ఆ మొలకలోనే ఉంటుంది. మొలకేమో గింజలో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అందుకే నూనె కోసమని గింజ మొత్తాన్ని ఆడిస్తే ఎవరికీ గిట్టుబాటు కాదు. ఈ నూనె కార్న్‌ఫ్లోర్ తీసే ఫ్యాక్టరీల్లో పక్క సరుకుగా పుడుతుంది. కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన వెచ్చటి నీళ్లలో గింజల్ని ఒకటిన్నర, రెండు రోజులు నానబెట్టి బరకగా ఆడతారు. మొలకలో నూనె ఉంది కాబట్టి అది తేలిక. నీళ్లతో పాటు గిర్రున తిప్పితే పిండి నుంచి విడిపోతుంది. దాన్ని ఆరబెట్టి, యంత్రంలో గట్టిగా నొక్కి నూనె తీసి, మిగిలిన పిప్పిలో ఉన్న నూనెను హెక్సేన్ అనే ద్రావకంతో లాగుతారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హడ్‌నట్ కుటుంబం 1898-99 ప్రాంతంలో దీన్ని వ్యాపార స్థాయిలో తీయడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ మొలకలు చాలావరకు పశువుల దాణాలోకి పోయేవి.

హెక్సేన్ పేరు వినగానే కంగారు పడకండి. అది 69 డిగ్రీల సెల్సియస్‌కే మరిగి ఆవిరైపోతుంది. ఆ తర్వాత నూనెలోని జిగురు తీస్తారు, ఆమ్లాలు తీస్తారు, రంగు తగ్గిస్తారు, చల్లబరిచి మైనం తీస్తారు. చివరగా గాలి లేని పాత్రలో 200 డిగ్రీలు దాటిన వేడి మీద ఆవిరి పంపి వాసన పోగొడతారు. ఇన్ని గండాలు దాటి వచ్చేసరికి నూనెలో మొక్కజొన్న రుచి దాదాపు ఉండదు. అది మంచికా చెడుకా అనేది మీరు వండేదాన్ని బట్టి ఉంటుంది.

ఇథనాల్ తయారుచేసే ఫ్యాక్టరీల్లో కూడా మొక్కజొన్న నుంచి ఒక నూనె మిగులుతుంది. ముదురు రంగులో, ఆమ్లాలు ఎక్కువగా ఉండే ఆ సరుకు ఎక్కువగా బయోడీజిల్‌కో దాణాకో వెళుతుంది. మీ సీసాలోది అది కాదు.

సీసా మీద పెద్ద అక్షరాలతో 'కొలెస్ట్రాల్ లేదు', 'విటమిన్ ఇ పుష్కలం' అని రాసి ఉంది. ఇందులో ఎంత నిజం? – ఒక గృహిణి

రెండూ నిజమేనమ్మా. మొదటిది నిజమే కానీ గొప్ప కాదు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలో ఉంటుంది. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. కొబ్బరినూనె, పామాయిల్ కూడా ఆ మాట రాసుకోవచ్చు. వెనక చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక చదవండి, అసలు సంగతి అక్కడుంటుంది.

ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 14 గ్రాముల మొక్కజొన్న నూనెలో 120 కేలరీలు. మాంసకృత్తులు సున్నా, పీచు సున్నా, చక్కెర సున్నా, ఖనిజాలు లేనట్టే. అంతా కొవ్వే. ఆ కొవ్వు ఎలాంటిదన్నదే ప్రశ్న. నూటికి 13 పాళ్లు సంతృప్త కొవ్వు (చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం), 27 దాకా ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే రకం ఏక అసంతృప్త కొవ్వు, 54 దాకా బహుళ అసంతృప్త కొవ్వు. పోల్చి చూసుకోవాలంటే వెన్నలో సగం, కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే.

విటమిన్ ఇ సంగతికొస్తే, పెద్ద చెంచాకు సుమారు 2 మిల్లీగ్రాములు వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలని అమెరికా ప్రమాణం. అంటే ఏడో వంతో, ఎనిమిదో వంతో. 'పుష్కలం' అన్న మాట కొంచెం ఉదారంగా వాడేశారు. ఈ నూనెలో గామా టోకోఫెరాల్ అనే ఇంకో రకం విటమిన్ ఇ ఇంతకంటే చాలా ఎక్కువ ఉంది. మన ఒంట్లో నిలిచేది మాత్రం ఆల్ఫా రకం. గామా రకం ముందుగా కాపాడేది నూనెనే. గాలి సోకి చెడిపోకుండా అడ్డుపడుతుంది.

సీసా మీద ఎక్కడా పెద్దగా రాయని మంచి గుణం ఇంకొకటుంది. ఫైటోస్టెరాల్స్. ఇవి మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు. పేగులో కొలెస్ట్రాల్ ఒంట్లోకి ఇంకాల్సిన చోట ఇవి అడ్డంగా నిలబడతాయి. సాధారణంగా వాడే వంటనూనెల్లో వీటి విషయంలో మొక్కజొన్న నూనె ముందు వరసలో ఉంటుంది. 100 గ్రాములకు సుమారు 970 మిల్లీగ్రాములు, పెద్ద చెంచాకు 130 పైచిలుకు. అయితే చెడు కొలెస్ట్రాల్ 8 నుంచి 10 శాతం తగ్గాలంటే ఈ స్టెరాల్స్ రోజుకు 2 గ్రాములు కావాలి. అది నూనెతోనే తెచ్చుకోవాలంటే గిన్నెడు తాగాలి. నూనె చేసే మేలులో వీటి వాటా చిన్నదే, కానీ ఉంది.

గుండెకు మంచిదని చదివి రెండు నెలలుగా పరగడుపున ఒక పెద్ద చెంచా మొక్కజొన్న నూనె తాగుతున్నాను. కొనసాగించవచ్చా? – ఒక బ్యాంకు ఉద్యోగి

ఆపేయండి బాబూ.

మీరు చదివిన దానికి మూలం ఎక్కడుందో నాకు తెలుసు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో మొక్కజొన్న నూనె సీసాల మీద ఒక వాక్యం వేసుకోవడానికి అనుమతిచ్చింది. రోజుకు ఒక పెద్ద చెంచా నూనె గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని ఆ వాక్యం చెబుతుంది. జనం అక్కడిదాకా చదివి ఆగిపోయారు. దానికి ముందే 'చాలా పరిమితమైన, ప్రాథమికమైన ఆధారాలు' అనే మాట ఉంది. దాని వెనకే ఇంకో షరతు ఉంది: ఈ నూనె అంతే మోతాదు సంతృప్త కొవ్వుకు బదులుగా వాడాలి, రోజు మొత్తంలో తినే కేలరీలు పెరగకూడదు. పైగా ఈ మాటకు ఆధారం తక్కువేనని ఆ సంస్థే అక్కడే రాసింది.

మీరు దేనికీ బదులుగా వాడటం లేదు, ఉన్నదాని మీద అదనంగా పోస్తున్నారు. రోజుకు 120 కేలరీలంటే నెలకు 3,600. ఇంకేమీ మారకపోతే లెక్క ప్రకారం అర కిలోకు కాస్త తక్కువ కొవ్వు నెలనెలా పేరుకుంటుంది. ఆ చెంచా నూనెనే రొట్టె మీద రాసుకునే వెన్నకు బదులు కూరలో పడనివ్వండి. లెక్క సరిపోతుంది, పొద్దున్నే మొహం వికారంగా పెట్టే బాధా ఉండదు.

మా అబ్బాయి ఒక వీడియో చూపించాడు. మొక్కజొన్న నూనెలో ఉండే ఒమేగా-6 ఒంట్లో వాపు తెస్తుందట, విషమట. మావారికి స్టెంట్ వేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. సీసా పారేయమంటారా? – పేరు వద్దన్న పాఠకురాలు

పారేయొద్దు. ఈ ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి తీరిగ్గా చెబుతాను.

ఒమేగా-6 అంటే ఇక్కడ ముఖ్యంగా లినోలియిక్ ఆమ్లం. మొక్కజొన్న నూనెలో సగానికి పైగా అదే. ఇది విషమైతే అది లేకపోతే ఒంటికి హాయిగా ఉండాలి కదా? 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు అసలే లేని తిండి పెట్టి చూశారు. వాటి చర్మం పొలుసులు పొలుసులుగా లేచింది, తోకలు పుండ్లు పడ్డాయి, ఎదుగుదల ఆగిపోయింది. కొన్ని కొవ్వు ఆమ్లాలు ఒళ్లు తయారుచేసుకోలేదు, తిండితోనే రావాలి అని తేలింది అక్కడే. లినోలియిక్ ఆమ్లం అలాంటిది.

వాపు మాట ఎలా పుట్టిందంటే, లినోలియిక్ ఆమ్లం నుంచి ఒళ్లు అరాకిడోనిక్ ఆమ్లం చేసుకుంటుంది, దాన్నుంచి వాపును పెంచే కొన్ని పదార్థాలు తయారవుతాయి. కాగితం మీద ఆ దారి సరైనదే. కానీ మనుషులకు లినోలియిక్ ఆమ్లం ఎక్కువిచ్చి రక్తపరీక్షలు చేసిన అధ్యయనాల్లో వాపు సూచికలు పెరిగిన దాఖలా దొరకలేదు. అటువైపు వెళ్లే మోతాదును ఒళ్లు గట్టిగానే అదుపులో పెట్టుకుంటుంది.

అలాగని మీ అబ్బాయి మాటను పూర్తిగా తీసిపారేయను. మళ్లీ మిన్నెసోటాలోనే 1968 నుంచి 1973 దాకా ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఆరు మానసిక చికిత్సాలయాలు, ఒక వృద్ధాశ్రమం, 9 వేలకు పైగా మనుషులు. ఒక వర్గానికి మామూలు తిండి, ఇంకో వర్గానికి సంతృప్త కొవ్వు తీసేసి దాని బదులు మొక్కజొన్న నూనె, దానితో వెన్నలా చేసిన మార్గరిన్. నూనె తిన్నవాళ్లలో కొలెస్ట్రాల్ 14 శాతం దాకా తగ్గింది. మరణాలు మాత్రం తగ్గలేదు. ఈ సమాచారాన్ని 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మళ్లీ విశ్లేషించి ప్రచురించాక పెద్ద దుమారం లేచింది. వీడియోలవాళ్లకు దొరికిన సరుకు ఇదే.

వాళ్లు చెప్పని మాటలూ ఉన్నాయి. ఆ ప్రయోగంలో చాలామంది ఏడాది కూడా పూర్తిగా ఆ తిండి తినలేదు, మధ్యలోనే డిశ్చార్జ్ అయిపోయారు. రోజంతటి కేలరీల్లో 13 శాతం దాకా లినోలియిక్ ఆమ్లమే ఉండేట్టు పెట్టారు, అది మామూలు ఇంట్లో ఎవరూ తినేంత కాదు. ఆ కాలపు మార్గరిన్‌లో ట్రాన్స్ కొవ్వు (నూనెను గడ్డకట్టించేటప్పుడు పుట్టే, గుండెకు చెడు చేసే రకం) ఉండి ఉండవచ్చన్న అనుమానం కూడా ఉంది. ఇక 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇంకాస్త పకడ్బందీగా, ఎక్కువకాలం జరిగిన ప్రయోగాల్ని ఏరి చూసి, సంతృప్త కొవ్వు స్థానంలో బహుళ అసంతృప్త కొవ్వు వాడితే గుండె రక్తనాళాల జబ్బులు సుమారు 30 శాతం తగ్గాయని చెప్పింది. అదే సంస్థ ఒమేగా-6 రోజు కేలరీల్లో 5 నుంచి 10 శాతం దాకా ఉండటం మంచిదని 2009లోనే చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, ఈ నూనెలో లోపం ఒమేగా-6 ఉండటం కాదు, ఒమేగా-3 లేకపోవడం. ఆ రకం ఇందులో ఒక్క శాతమే. దాని కోసం సీసా పారేయక్కర్లేదు. చేపలు తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు చేపలు, తినకపోతే అవిసె గింజలో అక్రోట్లో పళ్లెంలోకి రానివ్వండి. ఇంట్లో ఒకే నూనెకు అంటిపెట్టుకోకుండా, వేయించడానికి ఒకటి, పచ్చి కూరగాయల మీదకు ఒకటి పెట్టుకున్నా మంచిదే. స్టెంట్ వేసిన మనిషికి నూనె రకం కంటే ముందు చూడాల్సినవి మందులు వేళకు వేసుకోవడం, ఉప్పు తగ్గించడం, పొగతాగడం మానడం. మీ కార్డియాలజిస్టు ఇచ్చిన డైట్ చీటీ ఉంటే నా మాట కంటే దానికే విలువివ్వండి.

వేపుళ్లకు మొక్కజొన్న నూనె పనికొస్తుందా? ఒకసారి వేయించిన నూనెను ఎన్నిసార్లు వాడుకోవచ్చు? – హాస్టల్ వంట చూసుకునే ఒకాయన

పనికొస్తుందండీ, బాగానే పనికొస్తుంది. శుద్ధి చేసిన మొక్కజొన్న నూనె సుమారు 230 డిగ్రీల దగ్గర గానీ పొగ రాదు. మనం వేయించేది 170, 180 డిగ్రీల్లో. మధ్యలో బోలెడు జాగా ఉంది. శుద్ధి చేయనిదైతే 180 లోపే పొగ మొదలవుతుంది, దాన్ని మూకుడులో పోయకండి.

పొగ వచ్చే వేడి ఒక్కటే చూసి నూనె ఎంచుకోకూడదని మా వంటశాలలో కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పేదాన్ని. బహుళ అసంతృప్త కొవ్వు వేడికి, గాలికి తొందరగా విరుగుతుంది. ఆ లెక్కన మొక్కజొన్న నూనె వేపుడుకు పనికిరాకూడదు. కానీ అన్నిటికంటే వేగంగా విరిగే లినోలెనిక్ ఆమ్లం (ఇది ఒమేగా-3 రకం, ఇందాకటి లినోలియిక్ కాదు) ఇందులో ఒక శాతమే. పైగా ఇందాక చెప్పిన గామా టోకోఫెరాల్ కాపలా ఉంది. అందుకే అనుకున్న దానికంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. నెలల తరబడి రోజూ మరిగే మూకుళ్లకైతే ఒలియిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో ఉండే రకం ఏక అసంతృప్త కొవ్వు, ఎక్కువుండే నూనెలు ఇంకా నిలకడగా ఉంటాయి.

'ఎన్నిసార్లు' అన్నదానికి అంకె చెప్పలేను. శుభ్రంగా తుడిచిన బంగాళాదుంప ముక్కలు వేయించిన నూనె, పిండి అద్దిన చేపముక్కలు వేయించిన నూనె ఒకటి కావు. రెండో దాంట్లో రాలిన పిండి అడుగున మాడి నూనెను లోపల్నుంచి చెడగొడుతుంది. మూకుడు దగ్గర నిలబడి చూడండి. మంచి నూనెలో ముక్క వేస్తే పెద్ద పెద్ద బుడగలు చురచురమంటూ లేచి వెంటనే పగిలిపోతాయి. అలిసిన నూనెలో బుడగలు చిన్నవై, పసుపు నురగగా కట్టి, ముక్క తీసేశాక కూడా అంచుల వెంట నిలబడతాయి. గరిటె ఎత్తితే నూనె చుక్కలుగా రాలకుండా తీగలా జారుతుంది. ముక్క రంగు ముదురుతుంది కానీ లోపల ఉడకదు. పొగ కూడా ఇదివరకటి కంటే తక్కువ వేడికే వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ నూనె పని అయిపోయినట్టే. చాలా దేశాల్లో హోటళ్ల నూనెకు ఒక హద్దుంది. చెడిపోయిన నూనెలో పేరుకునే ధ్రువ పదార్థాలు 24 నుంచి 27 శాతం దాటితే పారబోయాలి. దాన్ని కొలిచే చేతి మీటర్లు దొరుకుతాయి. వందల మందికి వండే చోట అది దుబారా కాదు, మీ మేనేజ్‌మెంట్‌ని అడగండి.

నూనె ఎక్కువ కాలం నిలవాలంటే ముక్కల తడి తుడవండి, ఉప్పు ముక్కల్ని నూనెలోంచి తీశాకే చల్లండి, పని అవగానే మంట ఆపండి, గోరువెచ్చగా ఉండగానే పలచటి గుడ్డలో వడకట్టండి. ఇత్తడి, రాగి గిన్నెల్లో నిల్వ పెట్టొద్దు, ఆ లోహాలు నూనె చెడటాన్ని తొందరపెడతాయి. అలిసిన నూనెలో కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తది పాడవుతుంది. థర్మామీటర్ లేకపోతే అంగుళం ముక్క బ్రెడ్ వేసి చూడండి. నిమిషం లోపు బంగారు రంగు వస్తే 180కి దగ్గర్లో ఉన్నట్టు. పది సెకన్లకే నల్లబడితే మంట తగ్గించండి.

కేక్‌లో వెన్నకు బదులు మొక్కజొన్న నూనె వాడొచ్చా? కొలత ఎంత? – ఇంటర్ చదువుతున్న అమ్మాయి

వాడొచ్చు తల్లీ. వెన్నలో సుమారు 80 శాతమే కొవ్వు, మిగతాది ఎక్కువగా నీరు. కాబట్టి 100 గ్రాముల వెన్న రాసి ఉన్న చోట 80 గ్రాముల నూనె పోసి, ఒక పెద్ద చెంచా పాలో నీళ్లో కలుపు. నూనె ఫ్రిజ్‌లో కూడా గడ్డకట్టదు కాబట్టి మర్నాడు కూడా కేక్ మెత్తగా ఉంటుంది. చాక్లెట్, క్యారెట్, అరటిపండు కేకులకు భేషుగ్గా కుదురుతుంది. వెన్నను పంచదారతో గిలక్కొట్టి గాలి పట్టించే రకం కేక్, పొరలు పొరలుగా విడిపోవాల్సిన పేస్ట్రీ మాత్రం నూనెతో చేయకు. అక్కడ వెన్న చేసే పని నూనె చేయలేదు. వెన్న రుచీ రాదు, అది ముందే ఒప్పేసుకోవాలి.

ఆలివ్ నూనెతో మయొనైజ్ చేస్తే చేదొస్తోంది. మొక్కజొన్న నూనె వాడమంటారా? – పేరు లేని ఉత్తరం

వాడండి. తనకంటూ రుచి లేకపోవడమే ఇక్కడ దాని యోగ్యత. గుడ్డు పచ్చసొన, ఆవాల ముద్ద, నిమ్మరసం రుచులు స్పష్టంగా తెలుస్తాయి. నూనె మొదట్లో చుక్కచుక్కగానే పోయాలి. మిశ్రమం చిక్కబడిందని గరిటెకు తెలిశాక సన్నటి ధార కట్టొచ్చు. పచ్చి కూరగాయల సలాడ్ మీదకైతే ఒక వంతు నిమ్మరసానికో వెనిగర్‌కో మూడు వంతుల నూనె. ఆ నూనె రుచికే కాదు, క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉన్న కెరొటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడుండాలి. నూనె చుక్క లేని సలాడ్ తిని ఆరోగ్యం అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

నాన్నగారు రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ వాడుతున్నారు. విటమిన్ కె విషయంలో జాగ్రత్త అన్నారు. ఈ నూనె ఫరవాలేదా? – ఒక అమ్మాయి

నూనెల్లో ఇది నిశ్చింతైన వాటిలో ఒకటమ్మా. మొక్కజొన్న నూనెలో 100 గ్రాములకు విటమిన్ కె సుమారు 2 మైక్రోగ్రాములే. సోయా నూనెలో 180 దాకా, కనోలాలో 70 దాకా ఉంటుంది. అయితే వార్‌ఫరిన్ వాడేవాళ్లకు ముఖ్యం విటమిన్ కె మానేయడం కాదు, రోజూ ఒకేలా ఉంచుకోవడం. ఇన్నాళ్లూ సోయా నూనె వాడి ఇప్పుడు దీనికి మారుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి.

జన్యుమార్పిడి మొక్కజొన్నతో చేసిన నూనె తింటే ప్రమాదమా? మా పాపకు మొక్కజొన్న పడదు, నూనె వాడొచ్చా?

రెండు ప్రశ్నలకూ ఒకటే ఆధారం. అలర్జీ తెచ్చేది ప్రోటీన్. జన్యువులుండేది డీఎన్ఏలో. బాగా శుద్ధి చేసిన నూనెలో ఈ రెండూ దాదాపు మిగలవు. కాబట్టి జన్యుమార్పిడి గింజ నుంచి వచ్చిన నూనె, మామూలు గింజ నూనె తినేవాడికి ఒకటే. పొలం సంగతి, విత్తనం సంగతి వేరే చర్చ, అది వంటింట్లో తేలదు. పాప విషయంలో మాత్రం 'దాదాపు' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఒకసారైనా ఊపిరాడకపోవడం, మొహం వాయడం జరిగి ఉంటే అలర్జీ డాక్టర్‌ను అడగకుండా చుక్క కూడా వాడొద్దు. ఇంట్లో వేరే నూనెలు లేకపోలేదు కదా.

మూకుడు అంచుల మీద పసుపురంగు బంక పేరుకుంటోంది, ఎంత తోమినా పోదు. సీసాలో నూనె కూడా ఒకోసారి పాత పెయింట్ వాసన వేస్తోంది. నూనె నాసిరకమా? – కొత్తగా కాపురం పెట్టిన జంట

నూనె స్వభావమే అది, నాసిరకమని కాదు. బహుళ అసంతృప్త కొవ్వు పలచని పొరగా పరుచుకుని వేడి తగిలితే ఒకదానికొకటి అతుక్కుని బంకగా, ఆపైన గట్టి పొరగా మారుతుంది. ఇనుప పెనానికి పలచగా నూనె రాసి కాల్చి నల్లగా నిగనిగలాడేట్టు చేసుకునేది ఈ గుణంతోనే. పెనానికి వరమైనది స్టీలు మూకుడు అంచుకు శాపమైంది. వంటసోడాను నీళ్లతో ముద్దగా కలిపి అంచుల మీద పూసి అరగంట ఉంచి రుద్దండి. నాన్‌స్టిక్ గిన్నెనైతే గీకొద్దు.

పెయింట్ వాసన వస్తే మాత్రం ఆ నూనె వాడకండి, గాలి సోకి ముక్కిపోయింది. కాచినా ఆ వాసన పోదు. సీసా పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టి ఉంటారు. చీకటి అరలో, మూత బిగించి పెట్టండి. ఇద్దరే ఉన్నారు కాబట్టి పెద్ద డబ్బా చవకని తెచ్చుకోకండి. సీసా విప్పిన రోజు తేదీ మార్కర్‌తో దాని మీదే రాసేయండి, కొన్ని నెలల్లోనే అవగొట్టండి.

వేపుడు మధ్యలో మూకుడులో మంట లేచింది. కంగారులో నీళ్లు పోయబోతే మా అత్తగారు ఆపారు. అసలేం చేయాలి?

మీ అత్తగారికి దండం పెట్టండి. మండే నూనెలో నీళ్లు పడితే అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను పైకి చిమ్ముతాయి. వంటిల్లంతా అంటుకునేది అలాగే. ముందు పొయ్యి ఆపండి. మూకుడు కంటే పెద్దదైన లోహపు మూతను పక్క నుంచి జరుపుతూ కప్పేయండి. గాజు మూత వద్దు, పగలొచ్చు. మూకుడును ఎత్తి బయటకు పరిగెత్తొద్దు. మంట మీ అదుపు దాటితే ఇంట్లోవాళ్లను బయటకు పంపి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. మంట ఆరిందో లేదో చూద్దామని మూత వెంటనే తీయకండి, గాలి తగిలితే మళ్లీ భగ్గుమంటుంది. గిన్నె పూర్తిగా చల్లారాకే తీయండి. ఆ నూనె ఇక దేనికీ పనికిరాదు. సింకులో పోయకుండా పాత సీసాలో నింపి చెత్తలో వేయండి.